గుట్టకు మంచి కాలం

బొగ్గుబావిలో పనిచేసే ఓదెలు డ్యూటీ నుంచి రాగానే గేర్ల సైకిలు తుడుచుకునేవాడు. దాని మీద గుట్టెక్కి, గుడారంలో ఓ రాత్రి గడపాలని ఆయన ఆశ. ఎండాకాలం బండలు కాలుతాయని, వానాకాలం బాట జారుతుందని ఏళ్లుగా వాయిదా వేసి, చివరికి చలికాలమే మేలని తేల్చుకున్నాడు. తీరా చలి మొదలయ్యేసరికి బొగ్గుదుమ్ము పట్టిన ఊపిరితిత్తులు మొరాయించాయి.

“చలి తగ్గినంక పోదామన్నా,” అన్నాడు తోటి కార్మికుడు అమీర్.

“అప్పటిదాక నేనుండాలె గద.”

ఇద్దరూ బయలుదేరారు. గుట్ట మొదట్లోనే ఓదెలు దగ్గి దగ్గి నెత్తురు కక్కాడు. వెనక్కి పోదామంటే వినలేదు. అమీర్ అక్కడే గుడారం వేసి పడుకోబెట్టాడు.

“నువ్వన్న ఎక్కిరా. పైనుంచి ఏం కనబడ్తదో చెప్పు.”

అమీర్ ఎక్కాడు. అవతల బొగ్గు కోసం నేలను తవ్వేసిన ఓపెన్‌కాస్టు గొయ్యి, మట్టికుప్పలు తప్ప ఏమీ లేవు. దిగివచ్చి, “అంత అడివేనన్నా. చూడ రెండు కండ్లు సాలయి,” అన్నాడు.

“గట్లనే ఉంటదనుకున్న,” అంటూ ఓదెలు తృప్తిగా కళ్లు మూసుకున్నాడు.