మునియప్ప ఎంచుకున్న ఊరు

పొదటూరుపేటకు నూలు రావడం ఆగిపోయిన పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిదిలో, నేతవీధి సగం వలసకు మూటలు కట్టింది. మునియప్ప మాత్రం గుంటమగ్గంలో కాళ్లు దించుకుని, మిగిలిన గళ్ల లుంగీని నింపాదిగా నేస్తూనే ఉన్నాడు. పక్కన భార్య అలమేలు రాట్నం తిప్పి, అడ్డంగా నేసే పేకకు రంగురంగుల కండెలు చుట్టి అందించేది. ముప్పై ఏళ్లుగా ఆమె చేస్తున్న ఆ చాకిరీకి వేరే కూలంటూ లేదు. అదంతా మొగుడి పని కిందే జమ. ఆ పనిలోనే చూపు మసకబారి, ఈమధ్య నీలానికి బదులు పచ్చ అందిస్తోంది. అతడు కిక్కురుమనకుండా నేసి, ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు ఆ పోగులు ఊడదీసేవాడు.

కంచిలో పట్టుచీరలు నేద్దాం రమ్మని అలమేలు తమ్ముడు నటరాజన్ కబురంపాడు. సేలంలో పంచలు నేసేవాళ్లు కావాలన్నారు. అందరూ కంచి అన్నారు. మునియప్ప సేలం అన్నాడు.

"పట్టు నెయ్యగలిగే చేతులు పెట్టుకోని పంచలా? పైత్యమా నీకు అన్నా?" అన్నాడు పక్కింటి పెరుమాళ్.

అలమేలుకు ఏడుపొచ్చింది. "నా తమ్ముడి నీడ గూడా గిట్టలేదా మామా? సేలంలో మనకి యెవురుండారు?"

మునియప్ప తెగిన పోగు ముడివేస్తూ, తలెత్తకుండానే చెప్పాడు. "పంచకి అంచు రంగు పడుగులోనే ఉంటాది. పేకంతా తెలుపే. నువ్వు ఏ కండె ఇచ్చినా సరిపోతాది."

రాట్నం ఆగింది. "యెప్పట్నుంచి తెలుసు నీకు?"

అతడు ముడి బిగించి పోగు కొస తుంచాడు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"బస్సులో రాట్నం నా ఒళ్లోనే పెట్టుకుంటా. నువ్వు మోస్తే ఇరగ్గొడతావు."