అయిదింటికే వచ్చిన అతిథి

మా తెలుగు సంఘం సావనీర్‌లో ఆ రోజు గురించి ఒక్క వాక్యమే ఉంది: "విశ్రాంత విద్యాధికారిణిని ఘనంగా సత్కరించాం." ఘనంగా ఏమీ జరగలేదు. జరిగింది ఎక్కడో ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

ఆవిడ డెట్రాయిట్ దగ్గర మా స్కూల్ డిస్ట్రిక్ట్‌కు తొలి నల్లజాతి సూపరింటెండెంట్. టీచరుగా చేరిన కొత్తలో కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని ఆవిడ క్లాసు నుంచి మార్పించుకున్నారని లైబ్రరీలో పాత పత్రికల్లో చదివాను. తర్వాత ఆ ఊరి బడులన్నిటికీ ఆవిడే పెద్దయ్యారు. వేసవిలో బడి లైబ్రరీలను తల్లులకు కూడా తెరిపించారు. ఇంటర్‌తో చదువు ఆపేసి వచ్చిన నేను ఇంగ్లీషు నేర్చుకున్నది అక్కడే. డిగ్రీ లేదు గానీ ఆ అల్మారాలు చాలావరకు చదివేశానని గర్వంగానే చెప్పుకుంటాను.

కమిటీ వెంటపడి సత్కారానికి ఒప్పించాను. అక్టోబరులో ఒక శనివారం, సాయంత్రం అయిదు గంటలకని ఆహ్వానం పంపారు. నేను అయిదుంపావుకి వెళ్ళేసరికి హాల్లో ఆవిడ ఒక్కరే ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, గోడవార ఉన్న మడతకుర్చీలు తెచ్చి వరసగా వేస్తున్నారు.

సిగ్గుతో చచ్చిపోయి ప్రెసిడెంట్ గారికి ఫోన్ చేశాను.

"అయిదంటే ఆరున్నరని మనవాళ్ళందరికీ తెలుసు కదమ్మా!"

"ఆవిడకి తెలీదు కదండీ!"

"స్టార్ట్ అవుతున్నాం. ఈలోగా టీ ఇప్పించు."

ఆవిడ మాత్రం, "చీకట్లో డ్రైవ్ చేయలేను. ఆరుంపావుకి బయల్దేరాలి," అన్నారు.

ఆరింటికి వచ్చినవాళ్ళు పదిమంది డాన్స్ పిల్లలు, వాళ్ళ టీచరు, నలుగురు తల్లులు. ప్రెసిడెంట్ లేకుండా శాలువా కప్పితే మాటపడాలి. కప్పకపోతే ఆవిడ ఉత్తచేతులతో వెళ్ళిపోతారు.

"ఆంటీ, జస్ట్ డూ ఇట్! మేము క్లాప్ చేస్తాం," అంది గజ్జెలు కట్టుకున్న ఒక పిల్ల.

కప్పేశాను. రాసుకొచ్చిన ప్రసంగం వదిలేసి, ఆవిడ తెరిపించిన లైబ్రరీలో నేను మొదట చదివింది మూడో తరగతి పుస్తకమని చెప్పాను.

"ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగారు.

"రెండు వారాలు."

"తర్వాత?"

"దాని పక్కది తీసుకున్నాను."

ఆవిడ పకపకా నవ్వారు. "తల్లులకు తెరిస్తే ఏం లాభమని స్కూల్ బోర్డు నన్ను అడుగుతూనే ఉండేది. ఈ జవాబు అప్పుడే దొరికుంటే బావుండేది!"

ఇంకా వెలుతురుండగానే శాలువాతోనే కారెక్కారు.

వాళ్ళంతా తమ పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఇలాగే కృతజ్ఞతలు చెప్తున్నాను: పాత పత్రికలు వెతికిచ్చిన లైబ్రేరియన్‌కు, హాలు తాళం వేళకు తీసిన కేర్‌టేకర్‌కు, డాన్స్ టీచరుకు, చేతులు కందేలా చప్పట్లు కొట్టిన పిల్లలకు, నలుగురు తల్లులకు. ఆవిడ బయల్దేరే వేళకు పార్కింగ్‌లోకి వచ్చి, నన్ను ఒక్క మాటా అనకుండా, ఆవిడ కారు దగ్గరికి పరుగెత్తి చేతులు జోడించిన ప్రెసిడెంట్ గారికి కూడా.