ఇద్దరు కలిసి నడిపిన కారు

మా కాలనీలో అందరూ రిటైరైనవాళ్లే. ఎవరికీ ఆఫీసుకు ఆలస్యమయ్యేది లేదు, ఎవరి కోసమూ బడిగంట కొట్టేది లేదు. అయినా కారెక్కితే చాలు, కొంప మునిగిపోతున్నట్టు పోతారు. ఇరవై దాటకూడదని గేటు దగ్గర ఇంత బోర్డు పెట్టారు. దాన్ని చదవడానికి జేబులో కళ్లజోడు తడుముకునేలోపే బండి బోర్డును దాటిపోతుంది. ఇంకొందరిది దీనికి పూర్తిగా తలకిందుల వ్యవహారం. నడిరోడ్డు మీద కారాపి, అద్దం దించి, ఎదురు కారులోని మనిషికి మోకాళ్ల నొప్పి ఎలా ఉందో తీరిగ్గా కనుక్కుంటారు. వెనక ఉన్నవాళ్లు హారను కొడితే ఈ కాలం వాళ్లకు మర్యాద తెలియదని నొచ్చుకుంటారు. హారను కొట్టిన ఈ కాలం మనిషికి డెబ్భై దాటి ఉంటాయి. ఇక క్లబ్బు హౌసు దగ్గర కూడలిలో ముందు మీరంటే మీరని చేతులూపుకుని, చివరికి ఇద్దరూ ఒక్కసారే బయలుదేరి లైట్లు పగలగొట్టుకున్న మర్యాదస్తులను కూడా చూశాను.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు డ్రిల్లు నేర్పినదాన్ని. వరస తప్పితే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున నడకకు వెళ్లినప్పుడు ఎవరైనా జోరుగా వస్తే చెయ్యి అడ్డం పెట్టి ఆపి, నాలుగు చీవాట్లు పెట్టి పంపేదాన్ని. నా ఎదుట టీచరమ్మా అంటారు. నా వెనక ఏమంటారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఇలాంటి కాలనీలో నేను వేలెత్తి చూపలేని కారు ఒక్కటే ఉండేది. అది మా పక్కింటి వాళ్లది. ఆ ఇంటావిడను నేను టెలిఫోనక్క అంటాను. పెళ్లి కాకముందే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, లోకానికి ఆపరేటర్ల అవసరం తీరిపోయేదాకా అక్కడే పనిచేసింది. ఎవరి లైను ఎవరికి కలపాలో చూసుకుంటూ, కలిసేదాకా అవతల మనిషిని ఊరడిస్తూ ఉండటమే ఆమె పని. "లైను మీద ఉన్నవాణ్ణి చడీచప్పుడూ లేకుండా వదిలేస్తే కంగారు పడిపోతాడు టీచరమ్మా. ప్రయత్నిస్తున్నాం, ఉండండి అని మధ్యమధ్యలో అంటూ ఉండాలి" అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. నేను వాళ్ల తలుపు తడితే, లోపలి నుంచి "వస్తున్నా, చేతులు తుడుచుకుంటున్నా, చెప్పులు వేసుకుంటున్నా" అంటూ తలుపు తీసేదాకా వార్తలు చదువుతూనే ఉంటుంది.

ఆమె భర్త టైలరు. నాకు తోబుట్టువులు లేరు గనుక అక్క వరస కలిపి ఆయన్ను బావగారూ అని పిలుస్తాను. సొంత దుకాణంలో నలుగురికి పని కల్పించిన మనిషి. ఆ కుట్టుమిషను మీద వంగి వంగి మెడ ఎముకలు పట్టేశాయి. ఇప్పుడు ముక్కుకు సూటిగా తప్ప ఎటూ చూడలేరు. పక్క నుంచి పిలిస్తే నిలువెల్లా తిరిగి పలకాలి. దుకాణం అమ్మేశాక ఆ డబ్బుతో కారు కొన్నారు. జీవితమంతా నిలబడి ఇతరుల భుజాలు కొలిచినవాణ్ణి, ఇప్పుడు కూర్చుని పదిమందిని తిప్పుతున్నాను అనేవారు. కాలనీలో ఎవరికి ఆసుపత్రి అవసరమొచ్చినా ముందు ఆయన్నే పిలిచేవాళ్లు. ఆ పిలుపు కోసం ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉండేవారు.

మెడ తిరగని మనిషి కారెలా నడుపుతారని మీరు అడగవచ్చు. చేతులూ కాళ్లూ ఆయనవి, మెడ అక్కది. పక్కసీట్లో కూర్చుని ప్రతి మలుపులోనూ రెండువైపులా చూసి "ఆగండి, వ్యాను వస్తోంది. ఆగండి, సైకిలు. ఇప్పుడు రండి" అని చెప్పేది. వాళ్లు దారిచ్చినవాళ్లకు అద్దం దించి నమస్కారం, తమకు దారిచ్చినవాళ్లకు థాంక్సు. నడిచేవాళ్లు రోడ్డు పక్కన కనిపిస్తే చాలు, ఆపేసేవారు. ఇద్దరు మనుషులు కలిసి ఒక డ్రైవరు కావడం నేను అక్కడే చూశాను. వాళ్లిద్దరూ కలిసి, కాలనీలో రెండు కళ్లూ మెడా సరిగ్గా ఉన్న ఏ డ్రైవరు కన్నా మెరుగ్గా నడిపేవారు.

అయితే ఏళ్లు గడిచేకొద్దీ వాళ్లకే తెలియకుండా ఒక మార్పు వచ్చింది. ఏదైనా అడ్డం ఉంటే అక్క "ఆగండి" అనేది. లేకపోతే ఏమీ అనేది కాదు. "ఇప్పుడు రండి" అనే మాట అరిగిపోయింది. ఆమె ఏమీ అనలేదంటే దారి ఖాళీగా ఉన్నట్టే. మౌనం అర్ధాంగీకారం అంటారు, వాళ్ల కారులో అది పూర్తి అంగీకారం అయిపోయింది.

గొడవ చిన్నదే. ఒకరోజు గేటు స్తంభానికి కారు పక్క గీరుకుంది. ఆ సంగతి అక్క ఫోనులో కూతురికి చెప్పేసింది. నాన్న మెడ ఇంకా బిగిసిందనీ, తనకు భయంగా ఉందనీ కూడా చెప్పింది. కూతురు వెంటనే తండ్రికి ఫోను చేసి కారు అమ్మేయమంది. మా రెండిళ్ల మధ్య ఉన్నది పిట్టగోడే గనుక తర్వాతి మాటలు నేను వినకపోయినా వినిపించాయి.

"ఇంటి గుట్టు బయటపెట్టడానికి నోరు బాగా లేస్తుంది నీకు" అన్నారు బావగారు. "ఇకమీదట కారులో నోరు తెరవకు. నువ్వు లేకపోతే నాకు నడపడం రాదనుకుంటున్నావా?"

"సరే, తెరవను" అంది అక్క.

అన్నదంటే అన్నదే. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే వంశం ఆమెది. మర్నాడు నేను తలుపు తడితే లోపలి నుంచి ఒక్క వార్తా రాలేదు. తలుపు తీసి, ఏం కావాలన్నట్టు చూసింది. ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటంతో నాకే భయమేసింది.

ఆ మరుసటి రోజు పొద్దున నేను నడక ముగించుకుని క్లబ్బు హౌసు మలుపు దగ్గర రోడ్డు దాటబోతున్నాను. వాళ్ల కారు నెమ్మదిగా మలుపు దగ్గరికి వచ్చింది. బావగారు ఎప్పటిలాగే సూటిగా ముందుకు చూస్తున్నారు. పక్కసీట్లోంచి అక్క నా వైపు చూసింది. నేనూ ఆమెను చూశాను. మా చూపులు కలిశాయి. వేరే కారైతే నేను ఆగేదాన్నే. అక్క చూసింది కదా, ఇంక భయమేముంది అని రోడ్డు మీదికి దిగాను. కారు ఆగలేదు. మలుపు తిరిగి వచ్చి నా మోకాలి కింద కొట్టింది. "ఆగండి" అన్న అక్క కేక నేను కింద పడుతుండగా వినిపించింది.

ఎముక రెండు చోట్ల విరిగింది. కడ్డీ వేసి, కట్టు కట్టి ఇంటికి పంపారు. నడవగలనో లేదో కట్టు విప్పాక చూద్దాం అన్నారు డాక్టరు. జీవితాంతం పిల్లల్ని పరిగెత్తించిన దాన్ని, బాత్రూముకు పోవడానికి మనిషి కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ మనిషి టెలిఫోనక్కే. పొద్దున్నే వచ్చి జడ వేసేది, రెండుపూటలా వండి తెచ్చేది, మందులు చేతిలో పెట్టి మింగేదాకా కదిలేది కాదు. నోరు మళ్లీ మామూలుగా తెరుచుకుంది. వాన గురించీ, కూరల ధర గురించీ, సెక్రటరీ గారి కొత్త పళ్ల సెట్టు గురించీ మాట్లాడేది. ఆ మలుపు గురించి మాత్రం మాట్లాడేది కాదు.

బావగారు రోజూ గుమ్మం దగ్గర నిలబడి ఒకటే మాట అనేవారు. "నేను చూడలేదు టీచరమ్మా. తప్పంతా నాదే."

ఆయన అలా అంటుంటే అక్క గిన్నెలు సర్దుకునేది. నేను ఆమె వీపు వైపు చూస్తూ పడుకునేదాన్ని. నన్ను చూశావా అని ఎందుకు అడగలేదంటే, భయం వల్ల. చూడలేదని ఆమె అబద్ధం చెబితే మా స్నేహం అక్కడితో సరి. నాకా కాలు లేదు, ఇక అక్క కూడా లేకపోతే ఎలా?

కాలనీ కమిటీ కూర్చుంది. కారును లోపలి రోడ్ల మీద తిరగనివ్వకూడదని కొందరు పట్టుబట్టారు. బావగారు లేచి తప్పు తనదేనని ఒప్పుకున్నారు. అయితే అక్కడ కూర్చున్నవాళ్లలో ఒకరికి చెవి వినపడదు, ఒకరికి కన్ను ఆనదు. ఇవాళ ఈయన్ను ఆపితే రేపు మన వంతని ఎవరి లెక్క వాళ్లు వేసుకుని ఉంటారు. చివరికి సెక్రటరీ గారు మధ్యేమార్గం చెప్పారు. భార్య పక్కన కూర్చుని దారి చూసి చెప్పేటట్టయితే బావగారు కారు నడుపుకోవచ్చు.

మీటింగు నుంచి ఇద్దరూ తిన్నగా మా ఇంటికే వచ్చారు. బావగారి ముఖం వెలిగిపోతోంది.

"మీ అక్క మీద వాళ్లకు ఎంత నమ్మకమో తెలుసా టీచరమ్మా? ఆవిడ చూపుంటే మాకింక దిగులు లేదన్నారు. నా బుద్ధి గడ్డితిని ఆ రోజు ఏదో అన్నాను గానీ, ఇకనుంచి ఆవిడ నోటికి అడ్డు చెబితే ఒట్టు."

అక్క నా మంచం అంచున కూర్చుంది. చేతిలో గిన్నె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది.

"నేను చూశాను" అంది.

"ఏం చూశావు?" అన్నారు బావగారు.

"టీచరమ్మని. మలుపులో. దిగకముందే చూశాను."

"చూస్తే చెప్పేదానివేగా" అన్నారాయన ఏ అనుమానమూ లేకుండా. "కంగారులో నోరు పెగిలి ఉండదు."

"పెగలక కాదు. నోరు తెరవొద్దన్నారు కదా, నేను చెప్పకపోతే ఎంత బాగా నడుపుతారో చూద్దాం అనుకుని కూర్చున్నాను. ఏ గోడకో తగిలితే తెలిసొస్తుందనుకున్నాను. అక్కడున్నది గోడ కాదు, మనిషని కనిపిస్తూనే ఉంది. అయినా ఒక్క క్షణం ఆ పంతం వదల్లేకపోయాను. వదిలి అరిచేసరికి అయిపోయింది."

నాకు తెలిసిన సంగతే. అయినా ఆమె నోట విన్నాక కొత్తగా కోపం వచ్చింది.

"మీ మొగుడూ పెళ్లాల పంతానికి నా కాలు దొరికిందా అక్కా?"

"అవును" అంది. ఒక్క సంజాయిషీ చెప్పలేదు, ఏడవలేదు.

బావగారు నిలువెల్లా ఆమె వైపు తిరిగారు. "నోరు మూసుకోమన్నది నేనే కదా" అన్నారు మెల్లగా, ఆమెకు తప్పించుకునే దారి చూపుతున్నట్టు.

"మీరు అన్నారు. నేను చేశాను."

"నువ్వు ఏమీ అనకపోతే దారి ఖాళీగా ఉందనే కదా, ఇన్నేళ్లూ నేను..." అని మొదలుపెట్టి పూర్తి చేయలేక బయటికి వెళ్లిపోయారు. ఆయన అంత కుంగిపోవడం నేను అంతకుముందెన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. అయిపోయిందేదో అయిపోయింది, తవ్వుకోవడమెందుకన్నారట ఆయన. "నా చూపు మీద నమ్మకం ఉందన్నారు కదండీ, అది వెనక్కి తీసుకోండి" అని చెప్పి వచ్చేసింది. వారం తిరక్కుండా బావగారే కారు అమ్మేశారు. అమ్మినప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని తాళాలు ఇచ్చారు.

నేను అక్కను భోజనం తేవద్దన్నాను. రెండు రోజులు గోడ పట్టుకుని ఒంటికాలి మీద నేనే వండుకున్నాను. మూడో రోజు వంటింట్లో జారబోయి, పిట్టగోడ వైపు తిరిగి ఆమెనే పిలిచాను. "వస్తున్నా, చెప్పులు వేసుకుంటున్నా, పడకుండా అక్కడే నిలబడు" అంటూ వచ్చింది. ఆకలికీ అవసరానికీ రోషం ఉండదు. అలాగని నా కోపం పోయిందని కాదు. తింటూనే ఉన్నాను, కోపంగానే ఉన్నాను.

కట్టు విప్పాక చేతికర్రతో నడవడం మొదలుపెట్టాను. ఇప్పుడు పొద్దున్నే ముగ్గురం కలిసి వెళ్తాం. రోడ్డు దాటాల్సిన ప్రతిచోటా అక్క గొంతెత్తి అన్నీ చెబుతుంది. ఇటు ఖాళీ, అటు వ్యాను, వ్యాను ఆగింది, ఇంకో కారుంది అని. ఒక్క క్షణం కూడా మౌనంగా ఉండదు. మొదట్లో బావగారు అంతా విని, ఆ తర్వాత బీరువాను జరిపినట్టు ఒళ్లంతా అటు తిప్పి, ఇటు తిప్పి, స్వయంగా చూసుకుని అప్పుడు అడుగు వేసేవారు. ఆయన తిరుగుతున్నంతసేపూ అక్క పక్కన తల దించుకుని నిలబడేది. నెలల తరబడి అంతే. ఇంట్లో మాటలైతే ఎప్పుడో కలిశాయి గానీ, రోడ్డు దగ్గర మాత్రం ఆయన ఒళ్లు ఒప్పుకునేది కాదు.

మొన్న క్లబ్బు హౌసు మలుపు దగ్గర ఆగాం. అక్క అటూ ఇటూ చూసి "ఏమీ రావడం లేదు, పదండి" అంది. బావగారు ఎటూ తిరగలేదు. సూటిగా చూస్తూ రోడ్డు మీదికి దిగి నడిచారు. అక్క ఒక్క క్షణం ఉన్నచోటే ఉండిపోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని ఆయన వెంట గబగబా వెళ్లింది.

నేను దిగలేదు. కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను, మళ్లీ కుడివైపు చూశాను. రోడ్డంతా ఖాళీగా ఉంది. అవతల చేరిన అక్క వెనక్కి తిరిగి, నేను అలా చూసుకోవడం చూసింది. నాకు సిగ్గనిపించింది గానీ, చూడటం ఆపలేకపోయాను.

"చూసుకో టీచరమ్మా" అంది ఆమె అక్కడి నుంచే. "తొందరేం లేదు, నువ్వే చూసుకుని రా."