చిన్నమ్మ మిషన్ ఆపిన అధ్యాయం

పోయిన నెల తాండూరులో మా చిన్నమ్మ చనిపోయింది. వికారాబాద్‌లో నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, కుర్సీలనే ఒరిగింది" అన్నాడు. ఆమెకు చదివి వినిపించాలని ప్రింటు తీసిన ఇరవై పేజీలు అప్పటికే నా బ్యాగులో ఉన్నాయి. ఆదివారం వెళ్దామనుకున్నాను. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారమూ అలాగే అనుకున్నాను.

ఆమె మా అమ్మకు చెల్లెలు. చిన్న వయసులోనే చిన్నాయన పోతే, స్టేషన్ దారిలో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం పెట్టుకుని కొడుకును పెంచింది. ఇంటర్ రెండేళ్లూ నేను ఆమె దగ్గరే ఉండి చదువుకున్నాను. అప్పట్లో నాకు ఇంగ్లిష్ నవలల పిచ్చి. రాబోయే కాలంలో ఎక్కడో గోడల మధ్య ఒక నగరం, జనాన్ని నలిపేసే సర్కారు, దాన్ని కూలదోసే పదహారేళ్ల పిల్ల. కాలేజీ నుంచి వచ్చి జాకెట్లకు హుక్కులు కుడుతూ ఆ కథలన్నీ ఆమెకు తెలుగులో చెప్పేదాన్ని. ఆమె మిషన్ తొక్కుతూ వినేది.

నమ్మబుద్ధి కాని చోట కాలు ఆపేసేది. నోటితో ఏమీ అనదు, మిషన్ చప్పుడు ఆగిపోతుంది, అంతే. నేను గమనించనట్టు ఇంకో రెండు ముక్కలు చెప్పి, చివరికి "ఏమైంది చిన్నమ్మా?" అని అడగాల్సిందే.

"గంత పెద్ద సర్కారు, గేటు కాడ ఒక్కడే కావలి ఉంటడా? గాడు కూడ నిద్రవోతడా? మన కందుల గోదాం కాడనే ముగ్గురుంటరు గదనే!"

ఇంకోసారి, "లోకం మునుగుతుంటే ఒక్క పిల్లకు ఇద్దరు పిలగాండ్లేందే? ఒక్కనితోనే పరేషాన్ ఉంటది" అని నవ్వింది. ఆ నగరంలో గింజలు ఎవరు పండిస్తున్నారని అడిగితే నేను ఒక్క నవలకూ జవాబు చెప్పలేకపోయాను. ఆ కథల్లోని లొసుగులు నాకు అంతకు ముందు కనబడలేదు. ఆమె దగ్గర కూర్చున్నాకే కనబడ్డాయి.

ఉద్యోగం వచ్చాక నేనే ఒక నవల మొదలుపెట్టాను, మన పిల్లల కోసం, తెలుగులో. నీళ్లకు రేషన్ పెట్టిన నగరం. ఐదో అధ్యాయంలో కథానాయిక తల్లిని సైనికులు కాల్చేస్తారు. ఆరో అధ్యాయంలో ఆ పిల్ల గోడ దూకుతుంది. అవతల ఒక కుర్రాడు చేయందిస్తాడు. అతని కళ్ల మీద రెండు పేజీలు రాసుకుని మురిసిపోయాను. ప్రచురించేవాళ్లకు కూడా అదే నచ్చింది. ఆ ఊపులోనే తాండూరు వెళ్లి చిన్నమ్మకు చదివి వినిపించాను. ఆమె బడిపిల్లల యూనిఫాం కుడుతోంది. కళ్ల దగ్గరికి వచ్చేసరికి మిషన్ ఆగింది.

"తల్లి సచ్చి ఎన్ని రోజులైందే?"

"ఒక్క రోజు."

"ఒక్క రోజుల గా పిలగాని కండ్లు ఎట్ల కనవడ్డయే? మీ చిన్నాయన పోయినప్పుడు నాకు నెల దాంక ఎదురుంగ ఎవరు నిలవడ్డరో తెల్వలే."

నాకు ఒళ్లు మండింది. "గిప్పటి పిల్లలకు గిట్లనే గావాలె. నవలల సంగతి నీకేం ఎరుక చిన్నమ్మా? నువ్వు జాకెట్లు కుట్టుకో" అన్నాను. ఆ మాట ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఆమె కోప్పడలేదు. గుడ్డకు వేలాడుతున్న దారాలు కత్తిరిస్తూ, "ప్రేమ వద్దంటలేను బిడ్డా. జర ఆగి రానియ్యమంటున్న" అంది. తల ఎత్తకుండానే మళ్లీ చెప్పింది. "నాకు గూడ ఒక మనిషి నచ్చిండు. మీ చిన్నాయన పోయిన నాలుగేండ్లకు. ఈడ బడిల సారు. వాళ్లమ్మ జాకెట్లు కుట్టియ్యనీకె ఆయననే వస్తుండె. నచ్చిండని నాకు సమజ్ గానీకె ఇంకో ఏడాది వట్టింది. చెప్దామనుకునేటాళ్లకు సొంతూరు కొడంగల్‌కు బదిలీ చేసుకొని పోయిండు."

ఎవరికీ చెప్పని మాట నాకు చెప్పిందని అప్పుడైనా తెలుసుకోవాల్సింది. కాగితాలు సర్దుకుని రైలుకు టైమైందని లేచాను. ఆ తర్వాత ఆమె ఫోన్ చేసి "తిన్నవా?" అని అడిగేది. పనిలో ఉన్నానని పెట్టేసేదాన్ని. నవల ఊసు ఆమె ఎన్నడూ ఎత్తలేదు.

కోపం చల్లారాక ఆరో అధ్యాయం చింపేశాను. కొత్తగా రాసిన ఇరవై పేజీల్లో ఆ పిల్ల గోడ దూకదు. తల్లి వంతు నీళ్లు ఇంకా ఇస్తున్నారేమోనని వరసలో నిలబడుతుంది. వెనక నిలబడ్డ కుర్రాడి ముఖం చూడనే చూడదు. కథ నత్తనడక నడుస్తోందని ప్రచురించేవాళ్లు పెదవి విరిచారు. ఫర్వాలేదు, చిన్నమ్మకు వినిపిస్తే చాలనుకున్నాను. క్షమించమని నోటితో అడగలేను కాబట్టి ఆ పేజీలే అడుగుతాయనుకున్నాను. అడగాల్సినదాన్ని నేనే ఆలస్యం చేశాను. ఆమె పోయిన రోజు తాండూరులో నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చి తాగించింది ఎవరో ఇప్పటికీ చెప్పలేను.

పదో రోజున ఒక పిచ్చి పని చేశాను. ఆ సారు వస్తాడని ఎదురుచూశాను. నా పాత నవలలో అయితే తప్పకుండా వచ్చేవాడు. నెరిసిన తలతో ఓ పక్కన నిలబడి, చిన్నమ్మ గురించి ఒక్క మాట అనేవాడు. ఆమెను అడగలేని క్షమాపణ ఆయన్ను అడిగి నేను ఒడ్డున పడేదాన్ని. నాకు ఆయన పేరు తెలియదు, ఉన్నాడో లేడో కూడా తెలియదు. అయినా భోజనాలకు వచ్చిన ప్రతి పెద్దాయన ముఖంలోకీ చూశాను. అందరూ మా చుట్టాలే.

సాయంత్రం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. కొడంగల్ బస్సు వచ్చి ఆగింది. ఇద్దరు ఆడవాళ్లు దిగారు. వాళ్ల వెనక తెల్లచొక్కా వేసుకున్న ఒక ముసలాయన, కడ్డీ పట్టుకుని మెల్లగా దిగాడు. సంచీ భుజానికి తగిలించుకుని ఇటూ అటూ చూశాడు. నేను రెండు అడుగులు ముందుకు వేశాను. ఆయన నన్ను దాటుకుని, చిన్నమ్మ ఇంటి వైపు చూడకుండానే, ఎదురు సందులోకి వెళ్లిపోయాడు.