గంగయ్యకు జమున పెట్టిన శోకం

మా యూట్యూబ్ ఛానెల్‌కు కథలు, మాటలు రాసేది నేనే. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే మా వీడియోలు చూసినవాళ్లెవరూ నమ్మరు. జమున నోట్లో పడ్డాక నేను రాసిన మాట ఒక్కటీ బతికి బట్టకట్టదు. కాగితం ఒకసారి చూస్తుంది, మంచిగున్నది తమ్మీ అంటుంది, మడిచి పీట కింద పెడుతుంది, కెమెరా ముందుకు పోయి తనకు తోచింది మాట్లాడుతుంది. నాకు ఒళ్లు మండుతుంది. తీరా చూస్తే కామెంట్లలో అందరూ మెచ్చుకునేది ఆ మాటల్నే. పేరు మాత్రం నాది పడుతుంది కాబట్టి నోరు మూసుకుంటాను.

జమునది మంథని పక్కన పల్లె. పెళ్లయ్యాక గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌కు వచ్చింది. భర్త ఎల్లేశంది బొగ్గు బాయిలో పని. ఆమెకిప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి. మా వీడియోల్లో గయ్యాళి అత్త, వంక పెట్టే వియ్యపురాలు, ఏ వేషమైనా వేస్తుంది గాని జనం చూసేది ఆమె ఏడుపు కోసం. మా దగ్గర మనిషి పోతే ఆడవాళ్లు ఉత్తగా ఏడవరు. పోయినవాళ్ల బతుకంతా రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. దాన్నే శోకం పెట్టడం అంటాం. జమున నాయనమ్మ ఆ పనిలో ఊరికి పెద్ద. ఆమె కొంగు పట్టుకుని మనవరాలు చావులన్నీ తిరిగింది. ఇంటికొచ్చి గుడ్డబొమ్మను చంపి, వాకిట్లో పడుకోబెట్టి శోకం పెట్టేది. బొమ్మ మీద మోజు తీరాక మేకపిల్లకు పెట్టింది. అదీ అయ్యాక, కల్లు తాగి ఒళ్లు తెలియకుండా పడుకున్న మేనమామకు పెట్టింది. వాళ్లమ్మ చీపురు తిరగేసింది.

"అప్పుడు నిజంగనే ఏడ్చిన తమ్మీ. గని గంత మంచిగ రాలే" అంటుంది జమున ఇప్పటికీ.

ఆమె పద్ధతి ఒకటుంది. చావు సీను ఉన్న రోజు శవం వేషం వేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ముచ్చట పెడుతుంది. ఏం తింటాడు, ఇంట్లో ఎవరు తిడతారు, దేనికి అలుగుతాడు, అన్నీ అడుగుతుంది. చచ్చేవాడితో ఇంత ముచ్చటేమిటక్కా అని మొదట్లో విసుక్కున్నాను.

"దేవుడసొంటోడు పోయిండంటే ఎవ్వలు ఏడ్వరు తమ్మీ" అంది. "చెవి మీద బీడీ వెట్టుకొని ఇల్లంత బీడీ దేవులాడేటోడు పోయిండంటే ఏడుస్తరు."

రాయడం గురించి నాకు ఇంతకన్నా పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, నెత్తికెక్కుతుందని.

పేరు వచ్చింది, పేరుతో పాటు పీడా వచ్చింది. నిజం చావులకు పోతే పక్కనున్న ఆడవాళ్లు జరిగి కూర్చుంటారు, కెమెరా ఎక్కడుందోనని వెతుకుతారు. తన బాపు, కన్నతండ్రి పోయిన రోజున వాకిలి నిండా జనం శవాన్ని వదిలేసి ఆమె మొహమే చూశారట. కంట్లో చుక్క రాలేదు. ఫోన్ తియ్యండి, అప్పుడేడుస్తది అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది. నేను యాక్టర్నా, దొంగనా జర చెప్పు తమ్మీ అని ఒకరోజు నన్నే అడిగింది. ఏదో జోకేసి తప్పించుకోబోయాను. ఆమె నవ్వలేదు.

అలాంటప్పుడు హైదరాబాద్ నుంచి నరేశ్ అనే సినిమా దర్శకుడు ఫోన్ చేశాడు. సినిమాలో అన్న శవం మీద పడి చెల్లెలు ఏడ్చే సీను ఉందట. వీడియోలు చూశాను, కానీ ఎదురుగా కూర్చుని చూస్తేనే నమ్ముతాను అన్నాడు. జమున ఒకటే అంది, తను యాక్టరో దొంగో ఈసారి తేలిపోవాలని.

షూటింగ్ జమున పుట్టిన ఊళ్లోనే పెట్టాం. శవానికి అదే ఊరి గంగయ్యను మాట్లాడాం. కదలకుండా పడుకోవడంలో గంగయ్య మొనగాడు. ఇంట్లో కూడా అదే పని చేస్తాడని భార్య ఐలవ్వ అంటుంది. ఆమె మాత్రం, శవం వేషం అపశకునమని, వేస్తే కాళ్లు విరగ్గొడతానని ఎప్పుడో చెప్పి ఉంది. అందుకని గంగయ్య యూరియా కోసం పెద్దపల్లి పోతున్నానని చెప్పి, బస్సు ఆగే చోటు దాకా నడిచి, వెనక దారిన మా దగ్గరికి వచ్చాడు. చావు సీను తీసే ముందు ఊరి వాట్సాప్ గ్రూపులో, ఇది షూటింగ్, ఎవరూ పరేషాన్ కావద్దు అని పెట్టడం మా ఆచారం. పెట్టాం కూడా. నాట్లు వేసే ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని బురదలో దిగరన్న సంగతి మాత్రం మా మేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు.

"ఓ నా గంగన్నా, చెవి మీద బీడీ వెట్టుకొని బీడీ ఏదే అని ఎవలనడుగుతవు గంగన్నా..." అని జమున ఎత్తుకుంది. గొంతు పొలాల దాకా పోయింది. నరేశ్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు. బాగానే ఉంది అన్నట్టు ఉంది ఆ మొహం, అంతకు మించి లేదు.

అప్పుడు వచ్చింది ఐలవ్వ. మోకాళ్ల దాకా బురద, చేతిలో నారు కట్ట. పెద్దపల్లి పోయిన మొగుడు వాకిట్లో పడుకుని ఉన్నాడు, మెడలో దండ, ముక్కుల్లో దూది. ఆమెకు కెమెరా కనబడలేదు, పక్కనే ఉన్న నేను కనబడలేదు. కూలబడి శోకం పెట్టింది. జీవితమంతా తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది. కూరలో ఉప్పెక్కువైతే మాట్లాడకుండా తినేవాడివి, నేను నోట్లో పెట్టుకున్నాకే నాకు తెలిసేది అంది. వానొస్తే నా చెప్పులు లోపల పెట్టి నీవి బయట మరిచిపోయేవాడివి అంది. గంగయ్య కదల్లేదు. సీను చెడిపోతుందని కాదు, లేస్తే చంపుతుందని.

నరేశ్ లేచి నిలబడ్డాడు. ఎవరీమె, ఏడుపంటే ఇదీ, కెమెరా ఆపొద్దు అని నా చెవిలో అన్నాడు. చెవిలో అన్నాడనే గాని వాకిలంతా వినబడింది. జమున తన ఏడుపు ఆపి ఐలవ్వను చూసింది. ఎన్నాళ్ల నుంచో ఎదురుచూసిన సినిమా కళ్లముందే ఇంకొకరి ఒళ్లోకి పోతోంది. నాకు ఆమె మీద జాలేసింది, నిజం చెప్పాలంటే ఏడుపే వచ్చింది.

జమున వంగి, గంగయ్య ముక్కుల్లో దూది పీకేసింది.

"లే అన్నా. వదినె పానం పోయేటట్టున్నది."

గంగయ్య లేచి కూర్చున్నాడు. ఐలవ్వ ముందు కెవ్వుమంది, తర్వాత మొహమంతా తడిమి చూసుకుంది, తర్వాత నారు కట్టతో వీపు వాయగొట్టింది. అడ్డం పోయిన నాకూ తగిలాయి.

అందరం మంచినీళ్లు తాగి కుదురుకున్నాక నరేశ్ ఐలవ్వను పట్టుకుని బతిమాలడం మొదలుపెట్టాడు. ఇందాకటిలాగే ఒక్కసారి ఏడిస్తే సినిమాలో పెడతానన్నాడు. సినిమా అనేసరికి ఐలవ్వకూ ముచ్చటేసింది. గంగయ్యను మళ్లీ పడుకోబెట్టాం. ఆమె కూర్చుంది, మొగుడి మొహం చూసింది, ఫక్కున నవ్వింది. రెండోసారి రాగం తీసి, మధ్యలో యూరియా ఏదయ్యా అని అడిగింది. గ్లిజరిన్ పెడితే కళ్లు మండి నన్ను తిట్టింది.

"సచ్చిండనుకుంటే వచ్చింది బిడ్డా" అని చేతులెత్తేసింది. "గిట్ల కండ్లముంగట మెదులుతుంటే యాడికెల్లొస్తది? నాతోని గాదు. జమునా, నువ్వే ఏడువు."

జమున అరుగు మీద నుంచి దిగి వచ్చింది. గ్లిజరిన్ సీసా అడగలేదు. ఉప్పు మాట, చెప్పుల మాట వాడుకుంటుందని అనుకున్నాను, అవి వదినెవి అన్నట్టు వాటి జోలికి పోలేదు. చెల్లెను బస్సెక్కించినంక, బస్సు కదులుతుంటే ఏదో యాదికొచ్చినట్టు వెనక ఉరికొచ్చేవాడివి అంది. ఆపి దిగి అడిగితే ఏం లేదు, పైలంగ పో అనేవాడివి అంది. బాపు పోయిన్నాడు అందరు చూస్తుంటే ఏడ్వలేకపోయిన అన్నా, గా ఏడుపు దాచి దాచి నీకు తెచ్చిన అంది. మొగుడు బతికే ఉన్నాడని తెలిసిన ఐలవ్వ, అతని కాలు గట్టిగా పట్టుకుని మళ్లీ ఏడవసాగింది. నరేశ్ కళ్లజోడు తీసేశాడు.

వెంటనే కట్ అని అరిచాడు. శవం కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మంచి టేకు పాడుచేశావు కదయ్యా అని గంగయ్య మీద విరుచుకుపడ్డాడు.

"నన్నేం జెయ్యమంటవు సారూ" అన్నాడు గంగయ్య కండువాతో ముక్కు తుడుచుకుంటూ. "గసొంటి మనిషి సచ్చిపోతే ఎవలికి ఏడుపు రాదు?"

నరేశ్ జమున వైపు తిరిగి, ఇదే మళ్లీ చేయగలవా అమ్మా అని అడిగాడు, కాస్త భయంగానే.

"ఎన్నిసార్లంటే గన్నిసార్లు సారూ" అంది జమున. "గని జర సచ్చినోన్ని మార్సుండ్రి."