రెండు తగ్గించే టేపు

మెక్సికోలోని ఎస్పీతా ఊళ్లో బడిపిల్లల యూనిఫారాలన్నీ అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే లాండీ కుట్టినవే. ముప్ఫై ఏళ్లుగా ఆగస్టు వచ్చిందంటే ఆమె వాకిట్లో తల్లులు పిల్లల్ని వెంటేసుకుని బారులు తీరేవారు. లాండీ కుట్టు గట్టిది. టేపు మాత్రం మహా మొహమాటస్తురాలు. పిల్ల నడుము అరవై ఆరు ఉంటే లాండీ నోట అరవై నాలుగే వచ్చేది. తల్లులు తొంగి చూస్తారని నోటుబుక్కులోనూ అదే రాసేది. తగ్గించిన రెండు సెంటీమీటర్లూ గుడ్డ కత్తిరించేటప్పుడు గుర్తుపెట్టుకుని, ఎలాస్టిక్ చాటున కలిపేసేది. తల్లికి సంతోషం, పిల్లకు సుఖం. ఇందులో ఎవరి సొమ్ము పోయింది?

"ఉన్నదున్నట్టు చెబితే ఒక్కత్తి కూడా మళ్లీ గడప తొక్కదే" అని మనవరాలు నిక్తేతో గొప్పలు పోయేది.

నిక్తేకు తొమ్మిదేళ్లు. తల్లి కాన్‌కున్‌లో హోటల్ పనికి పోవడంతో, తను చిచీ అని పిలిచే ఈ అమ్మమ్మ దగ్గరే పెరిగింది. చిచీ ప్రేమంతా నూనెలో వేగి పళ్లెంలోకి వచ్చేది. నాలుగు సాల్బూతె రొట్టెలు తిన్నాక ఐదోది వద్దంటే లాండీ ముఖం ముడుచుకునేది. పైన సీసాడు తీపి సోడా ఉండనే ఉంది.

ఆ ఆగస్టులో, వాకిలి నిండా జనం ఉండగా, ఆరోగ్య కేంద్రం నర్సు ఆడీ వచ్చింది.

"దోన్యా లాండీ, మీ నోటుబుక్కు ఒక్కసారి ఇస్తారా? గురువారం పిల్లల్ని రక్తపరీక్షకు తిజిమీన్ పట్నం తీసుకెళ్లాలి. ఎవరెవర్నో తేల్చుకోవాలి."

"బరువు చూస్తే పోలా?"

"బరువొక్కటే చూస్తే సరిపోదండీ. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటేనే అసలు బెడద. చక్కెర, రక్తపోటు చిన్నప్పుడే మొదలైపోతాయి. నడుము ఎత్తులో సగం దాటిందంటే పరీక్ష చేయించాల్సిందే. మీ పుస్తకంలో రెండూ ఉన్నాయిగా."

లాండీ ఉబ్బిపోయి పుస్తకం ఇచ్చింది. తన రాతకు ప్రభుత్వం విలువ ఇచ్చిందంటే మాటలా! ఆడీ అరుగు మీద కూర్చుని వరసగా చూసుకుంటూ పోయింది. చీటీ మీదికి ఆరు పేర్లే ఎక్కాయి.

"ఊరు భేషుగ్గా ఉందండీ. మీ నిక్తే ఎత్తు నూట ముప్ఫై, నడుము అరవై నాలుగు. ఒక్క సెంటీమీటరుతో గట్టెక్కేసింది."

లాండీ చేతిలో కత్తెర ఆగిపోయింది. నిక్తే అసలు నడుము ఆమెకు కంఠతా వచ్చు. నోరు మూసుకుంటే ముప్ఫై ఏళ్ల పరువు నిలుస్తుంది, గురువారం బస్సు నిక్తే లేకుండానే వెళ్లిపోతుంది.

"ఆ చీటీ చింపెయ్యమ్మా" అంది.

"ఎందుకండీ?"

"ఎత్తులు నిజమే. నడుములు... తల్లులు నొచ్చుకుంటారని తగ్గించి రాశా. అందరికీ రెండేసి కలుపుకో."

వాకిలంతా కలకలం రేగింది. "అంటే మావాడికీనా?" అంది ఒకామె.

"మీవాడికీనే."

"మరి మా ఆయన ప్యాంటుకి ఎంత కలిపావేంటి?"

"ఆయనకు కలపడం ఎప్పుడో మానేశా తల్లీ, ఇంకా పొడుగాటి టేపు కొన్నా."

నవ్వులు సద్దుమణిగేలోపు ఆడీ మళ్లీ మొదటి నుంచి చూసింది. పేర్లు పంతొమ్మిదయ్యాయి. చివరికి నిక్తే పేరు దగ్గర పెన్సిలు ఆపి, "దీనికీ రెండేగా?" అంది.

లాండీ తల వంచుకుంది. ఏటా ఎలాస్టిక్ పొడుగు పెంచుతూ, అంకెను మాత్రం అరవై నాలుగు దాటనివ్వని చెయ్యి తనదే.

"దానికి ఏడు."

ఆడీ ఆ పేరు పక్కన డెబ్బై ఒకటి వేసింది.

గుమ్మం పక్కనే నిలబడి అంతా విన్న నిక్తే వచ్చి అమ్మమ్మ గౌను అంచు లాగింది. దాని ముఖం వెలిగిపోతోంది.

"చిచీ, అందరికీ రెండేనా? నాకొక్కదానికే ఏడా?"

"నీకొక్కదానికేనే" అంది లాండీ.