మీసం తీశాక మిగిలినవాడు

అయిదో తరగతిలో నేను బడి మానేశానంటారు గానీ, నిజానికి బడే నన్ను మానేసింది. చదువు లేని లోటును మీసంతో పూడ్చుకున్నాను. నేనంటే ఆ మీసమే అనుకునేవాణ్ణి.

ఎనభైల్లో మొక్కు తీర్చుకోవడానికి చిత్తూరు నుంచి తిరుమల వెళ్లాం. కల్యాణకట్టలో తలనీలాలతోపాటు మీసం కూడా ఇచ్చేసి బయటికొచ్చాను. నన్ను వెతుక్కుంటూ తల్లి చెయ్యి విడిపించుకుని వచ్చిన మా మూడేళ్ల పాప, ఎవరో అవ్వ చంకలో ఏడుస్తోంది. “నా బిడ్డే” అంటూ నేను చేతులు చాచేసరికి భయంతో కేక పెట్టింది.

“బిడ్డ జడుసుకుంటాండాది సూడు! నువ్వు నాయనవని ఏంది గుర్తు?” అంది అవ్వ.

“పోలీసుల్ని పిలవండబ్బా!” అన్నాడొకాయన. జనం మూగారు.

నేను రోజూ పాపకు అన్నం పెట్టేటప్పుడు అరిచే గాడిద అరుపు అరిచాను.

ఏడుపు ఆగింది. “నాయనా!” అంటూ పాప నా మీదికి దూకింది. గుండు మీద ఆ చిన్న చెయ్యి ఆనగానే ఒళ్లు జలదరించింది. అవ్వ గుడివైపు తిరిగి దండం పెట్టింది. బిడ్డను నవ్వించేవాణ్ణే నేను, మిగతాదంతా కత్తికి పోయేదేనని స్వామి చూపించినట్టనిపించింది. మళ్లీ మీసం పెంచలేదు.

ఇదంతా గొప్పగా చెబితే మా ఆవిడ అంది: “నిన్ను యాడ గుర్తుపట్టిందిలే! గాడిదిని గుర్తుపట్టింది.”